ఫ్రెంచి భవిష్యత్కాలంలో దేవసహాయం పెళ్ళి

మన హైదరాబాదు రాజ్యానికి ఇప్పుడు కావలసింది బియ్యమూ కాదు, బట్టా కాదు. ఫ్రెంచి భవిష్యత్కాలం! నవ్వకండి, నిజమే చెప్తున్నా.

అదెంత సులువో మారేడ్‌పల్లి దేవసహాయం మాస్టారిని అడగండి. కంటోన్మెంటు పిల్లలకు ఫ్రెంచి చెప్తాడాయన. క్రియను విరగ్గొట్టే పనే లేదట. నిండుగా ఉంచి, చివర తోక తగిలిస్తే సరి! పార్లే అంటే మాట్లాడటం. పార్లరే అంటే మాట్లాడతా. చిటికెలో రేపు తయారు! ఇంత సుఖం ఏ సర్కారిచ్చింది?

అసలాయన ఉద్యోగమూ ఆ కాలంలోనే నడుస్తోంది. నిజాం ఉన్నప్పుడు బడి పెద్ద "పర్మినెంటు చేస్తాం" అన్నాడు. పోలీసు యాక్షన్ అయింది. జెండా మారింది, కుర్చీలో మనిషీ మారాడు. కొత్తాయన టోపీ సర్దుకుని "తప్పక చేస్తాం" అన్నాడు. చూశారా అభివృద్ధి? "తప్పక" అన్నది కొత్తగా వచ్చింది!

ఈ సుఖం మెట్టుగూడ ఎమిలీకి మాత్రం అర్థం కాలేదు. మాస్టారు మనసిచ్చిన పిల్ల, నర్సు. పర్మినెంటయ్యాకే చర్చిలో పెళ్ళి ప్రకటన చదివిద్దామని ఆయన పంతం. ఒకరోజు మోండా మార్కెట్లో, వంకాయల ముందే నిలబెట్టి కడిగేసింది.

"ఏందండీ ఇది? సర్కారు చేస్తమంటది, మీరు చేసుకుంటమంటరు. మా నాయన వేరే సంబంధం చూస్తుండు. నర్సు జీతంతోని ఇల్లు నేను నడుపుతా, మీరు జెర నడువుండ్రి, ఇప్పుడే పాదిరిగారి దగ్గరికి పోదాం!"

"ఎపూజరే, ఎమిలీ! అంటే పెళ్ళాడతానని," అన్నాడు మాస్టారు మురిసిపోతూ. ఆ ఉచ్చారణ ఎంత శుద్ధంగా ఉందనుకున్నారు! ఎమిలీ సంచీ అందుకుని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆదివారం ఆరాధనలో పాదిరిగారు పెళ్ళి ప్రకటన చదివారు. ఎమిలీకీ, లాలాగూడ సామ్యూల్‌కీ! ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు చదవాలి. అభ్యంతరమున్నవాళ్ళు లేచి చెప్పాలి.

పాపం, దేవసహాయం సగం లేచాడు. ఎమిలీ వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఇంకా ఆశగానే ఉందని చర్చిలో అందరికీ తెలిసిపోయింది.

"ఏం బాబూ, చెప్పేదుందా?" అన్నారు పాదిరిగారు.

దేవసహాయం చొక్కా సర్దుకున్నాడు.

"వచ్చే ఆదివారం తప్పక చెప్తానండీ," అని కూర్చున్నాడు.