సొంత ఊళ్లో శత్రువు ఉద్యోగం

ఆ ఏడాది సైన్యం భర్తీ చేయదలచిన ఉద్యోగాల్లో విమాన చోదకుడు, ఫిరంగి సిపాయి, వంటవాడితో పాటు శత్రువు కూడా ఉంది. ఆ ఒక్క పోస్టునూ స్థానికులకే కేటాయించారు. సరిహద్దు అవతల శత్రువులు ఉన్నమాట నిజమే గాని, వాళ్లు తమకు వీలైనప్పుడు మాత్రమే వస్తారు. ఏడాది పొడవునా అందుబాటులో ఉండే మనిషి కావాలని సైన్యం చాలాకాలంగా అడుగుతోంది.

ఎంపిక శిబిరానికి కొమరవానిపేట నుంచి సనపల దమయంతి వచ్చింది. డిగ్రీ అయిపోయింది. పరుగులో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. యూనిఫారం కన్నా, అది తొడుక్కున్న మనిషి పొద్దున్న లేచి ఏం చేస్తాడన్న దానిమీదే ఆమెకు కుతూహలం ఎక్కువ. అన్ని పరీక్షలూ గట్టెక్కాక, ఏ శాఖ కావాలో కోరుకోమన్నారు. బల్ల వెనక సుబేదారు జోగారావు కూర్చుని ఉన్నాడు.

"అన్నిట్లోకీ హుషారైన ఉద్యోగం ఏది సార్?"

"అన్నీ హుషారైనవేనమ్మా. విమానం నడుపుతావా?"

"యుద్ధం లేని రోజు ఏటి సెయ్యాలి?"

"విమానాన్ని సరిచూసుకోవాలి. శత్రువు వస్తాడేమోనని సిద్ధంగా ఉండాలి."

"ఫిరంగి దగ్గరయితే?"

"తుడవాలి. వాడి కోసం ఎదురుచూడాలి."

"జలాంతర్గామిలో?"

"నీళ్ల కింద ఎదురుచూడాలి."

"అందరూ అతగాడి కోసమే ఎదురుసూస్తన్నప్పుడు, రోజూ పని ఉండేది అతగాడికే కదా సార్?"

ఇలా అడిగినవాళ్లను సుబేదారు అంతకుముందు చూడలేదు. "నిజమే. పైగా సొంత ఊళ్లోనే పోస్టింగు," అన్నాడు. ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టింది.

శత్రువుకు శిక్షణ ఉండదు. శిక్షణంతా మిగతావాళ్లకే. యూనిఫారం కూడా ఇవ్వరు. ఆమె ఎప్పటి బట్టలే కట్టుకుని ఎప్పటి పనులే చేసుకోవాలి, అనుమానించే బాధ్యత ఎదుటివాళ్లది. ఆమె ఇంటి ఎదురుగా ఇసుక బస్తాలు పేర్చి, దుర్భిణీలతో ఇద్దరు జవాన్లను కూర్చోబెట్టారు. సోమవారం నుంచి దమయంతి శత్రువని, పనివేళల్లో ఆమెను తదనుగుణంగా చూడాలని, ఆదివారాలూ పండగలూ మినహాయింపని ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పారు.

మొదట్లో జనానికి అలవాటు కాలేదు. పక్కింటి గవరమ్మ గోడ మీంచి, "ఏటే, కూరేటి వండినారు?" అని అడిగేసి నాలిక కరుచుకునేది.

"పలకరించకూడదత్తా. తిట్టొచ్చు," అని దమయంతి గుర్తు చేసింది.

"ఏటని తిట్టమంటావే? నువ్వేటి సేసినావని?"

"అది నువ్వే సూసుకోవాలత్తా."

ఉద్యోగం మాత్రం ఆమె కోరుకున్నట్టే ఉంది. కొట్టుకు వెళ్తే వీధంతా ఆగిపోయేది. పెరట్లో దుప్పటి ఆరేస్తే అందులో సంకేతం ఏమిటో జవాన్లు సాయంత్రం దాకా చర్చించేవారు. విమానాలు ఇంటి కప్పు తగిలేటంత కిందుగా ఎగిరేవి. "నాను బిందె ఎత్తితే విమానం లెగుస్తన్నాదమ్మా," అని తల్లి అప్పలనరసమ్మతో సంబరంగా చెప్పింది. తల్లి ఆకాశం వైపు చూసి, ఆరబెట్టిన వడియాలు లోపల పెట్టుకుంది.

వానాకాలంలో ఊరి బోరు నీళ్లు ఉప్పబారాయి. ఆ తర్వాత గవరమ్మ దూడ చచ్చిపోయింది. గవరమ్మ వీధిలోకి వచ్చి, దమయంతి ఇంటి ముందు నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. ఇన్నాళ్లకు అత్తకు పని పట్టుబడిందని దమయంతికి ముచ్చటేసింది. ఆ ఆదివారం మెచ్చుకోవడానికి వెళ్లింది.

"బాగా తిట్టినావత్తా."

గవరమ్మ దమయంతి ముఖాన తలుపు వేసేసింది. సెలవు రోజని ఆమెకు తెలియదేమో అనుకుని దమయంతి బయటి నుంచి రెండుసార్లు చెప్పింది. లోపల గడియ పడిన చప్పుడయింది.

ఒప్పందం గడువు ముగిసిన రోజు సుబేదారు స్వయంగా వచ్చి శాలువా కప్పాడు. జవాన్లు బస్తాలు లారీకెక్కించుకుని వెళ్లిపోయారు. దమయంతి ఇక శత్రువు కాదని మైకులో చెప్పారు. జనం గుమ్మాల్లో నిలబడి శ్రద్ధగా విన్నారు. ఆటో మలుపు తిరిగాక, బస్తాలు తీసేసిన చోట ఊరివాళ్లే ఇద్దరు మంచం వాల్చుకుని కూర్చున్నారు. పొద్దుటికి వాళ్లు లేచి, ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్లకు దుర్భిణీలు అక్కర్లేదు. ఆమె పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్లే.

దమయంతి మర్నాడే జోగారావు దగ్గరకు వెళ్లింది.

"మా వైపు నుంచి నువ్వు శత్రువువి కావమ్మా," అన్నాడాయన. "ఊరి వైపు నుంచి తీసెయ్యడానికి మాకు అధికారం లేదు."

"అయితే వేరే శాఖ ఇప్పించండి సార్. ఫిరంగి తుడుసుకుంటాను."

"శత్రువుగా పనిచేసినవాళ్లను సైన్యంలోకి తీసుకోరమ్మా. నిబంధన."

"పోనీ, మళ్లీ అదే పోస్టు?"

"అది ఎత్తేశారు. ఇప్పుడు ఏ ఊరికి ఆ ఊరే జీతం లేకుండా ఒకర్ని తయారు చేసుకుంటోంది. మేం అనుకున్న దానికన్నా బాగా చేస్తున్నారు." ఆయన ఆ మాట మెప్పుగానే చెప్పి, ఆమెకు టీ తెప్పించాడు.

తిరిగి వస్తూ ఆమె రేవులో చేపలు కొంది. ఊళ్లో ఆమెతో బేరం ఆడేవాళ్లు లేరు గనక పక్క ఊరి రేవుకు నడిచి వెళ్లింది. చాలా రోజుల తర్వాత పొయ్యి తనే ముట్టించి, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. ఎదురుగా మంచం మీద ఇద్దరూ వాసన పీల్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె తల్లికి కంచం పెట్టి, అన్నం మీద పులుసు పోసింది.

అప్పలనరసమ్మ చెయ్యి కడుక్కుంది గాని కలపలేదు. "ముందు నువ్వు తినమ్మీ," అంది మెత్తగా.

దమయంతి తల్లి వైపు చూసింది. తల్లి కంచం వైపు చూస్తోంది. దమయంతి ఆ కంచంలోంచే ఒక ముద్ద కలుపుకుని, చేప ముక్కతో సహా నోట్లో పెట్టుకుంది. ఆమె మింగేదాకా చూసి, ఇంకాసేపు ఆగి, అప్పలనరసమ్మ కంచం తన వైపు లాక్కుంది.

"ఉప్పు సరిపోయినాది," అంది.