విద్వాంసుడు మెచ్చిన గిటారు

ఆ రోజు ఉదయం పళ్ల డాక్టరు పళ్లు తోముకుంటూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ ఎలాగైనా నీలం గిటారు కొనేయాలి. భార్యకు మాత్రం చెప్పకూడదు.

చెప్పకపోవడానికి కారణం హాల్లోనే ఉంది. పొట్ట తగ్గించుకుంటానని కిందటేడు కొన్న వ్యాయామం సైకిలు మీద ఇప్పుడు తువ్వాళ్లు ఆరుతున్నాయి. ఫొటోలు తీస్తానని కొన్న కెమెరా స్టాండుకు గొడుగులు వేలాడుతున్నాయి. ఈసారి గిటారు అంటే, "దానిమీద ఏం ఆరేద్దామండీ?" అని ఆవిడ అడగడం ఖాయం. అలాగని మానుకోలేడు. క్లినిక్కు వెళ్లే దారిలో, వాద్యాల దుకాణం అద్దం వెనక నిలబడ్డ ఆ నీలం ఎలక్ట్రిక్ గిటారు మీద ఆయన మనసు పారేసుకుని ఆర్నెల్లయింది. చిన్నప్పుడు గిటారు కొనిపెట్టమని ఏడిస్తే తండ్రి లెక్కల పుస్తకం కొనిపెట్టాడు. జుట్టు నెరిసినా ఆ దిగులు తీరలేదు.

"డ్రిల్లు మెషీను రిపేరుకిచ్చి, అటునుంచి అటే క్లినిక్కి వెళ్తా" అన్నాడు బూట్లు వేసుకుంటూ.

"మొన్ననేగా చేయించారు?" అంది భార్య.

"దానికి మళ్లీ నొప్పొచ్చింది" అని నోటికొచ్చింది చెప్పి బయటపడ్డాడు.

దుకాణంలో అడుగుపెట్టాక గానీ అసలు చిక్కు తెలిసిరాలేదు. యజమాని నీలం గిటారును దించి, దాని వైరును కుర్చీ అంత స్పీకరు పెట్టెకు తగిలించి, "వాయించి చూసుకోండి సార్" అన్నాడు. డాక్టరుకు ముచ్చెమటలు పోశాయి. ఆయన ఇంతవరకూ వాయించింది చీపురు ఒక్కటే. అదీ బాత్రూం గడియ వేసుకుని. పక్కనే జులపాల కుర్రాడొకడు నిలబడి ఇటే చూస్తున్నాడు.

"పెట్టె వద్దు" అన్నాడు డాక్టరు గంభీరంగా. "పెట్టె తగిలిస్తే పెనం కూడా పాడుతుంది. అసలు నాదం చెక్కలో ఉంటుంది. చెవి పెట్టి వినాలి."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అన్న మాట నిలబెట్టుకోవాలి గనక జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి పళ్లు చూసే పుల్ల అద్దం తగిలింది. దాని కాడతో గిటారు మెడ మీద ఠక్కు ఠక్కున కొట్టి చెవి ఆనించాడు. అద్దాన్ని తీగల కిందకు పోనిచ్చి, ఒక కన్ను మూసి చూశాడు. అలవాటు కొద్దీ "ఊఁ..." అని తల ఆడించాడు. ఆయన దగ్గరికొచ్చే రోగుల గుండెలు జారేది సరిగ్గా ఆ "ఊఁ"కే. యజమాని గుండె కూడా జారింది. తీగ ముట్టుకోకుండా గిటారును పరీక్షించే మనిషిని ఆయన చూడటం అదే మొదలు. ఎవరో మహా విద్వాంసుడై ఉంటాడనుకుని కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు.

డాక్టరు అప్పుడైనా డబ్బు కట్టేసి బయటపడాల్సింది. కానీ పొగడ్త ఎవరికి చేదు? కాఫీ చల్లారిపోయేదాకా నాదం గురించి చెప్పుకుపోయాడు. కుర్రాడు నోరు తెరుచుకుని విన్నాడు. వాడి పై దవడలో రెండు పుచ్చు పళ్లున్నాయని డాక్టరు గమనించాడు కూడా. అంతా విన్న కుర్రాడు నీలం గిటారు మీద చెయ్యి వేసి, "మీరింత శ్రద్ధగా చూశారంటే మంచి సరుకే అయ్యుంటుంది. నేను తీసుకుంటా" అన్నాడు.

డాక్టరు గబుక్కున అడ్డుపడ్డాడు.

"వద్దు నాయనా! పైకి అలా నిగనిగలాడుతుంది గానీ, మెడ వేరులో పుచ్చు పట్టింది. చల్లగాలి తగిలితే జివ్వుమంటుంది. ఎప్పటికైనా పీకించాల్సిందే!"

"మరి ఏది తీసుకోమంటారు సార్?"

డాక్టరు దుకాణం మొత్తంలోకీ వికారంగా ఉన్నదాని కోసం వెతికాడు. ఓ మూల, పసుప్పచ్చని ఒంటిమీద నల్ల మచ్చలతో, రెండు కొమ్ములతో ఒక ఎలక్ట్రిక్ గిటారు దుమ్ము కొట్టుకుని వేలాడుతోంది. దాన్ని చూస్తే పిల్లలు జడుసుకుంటారు.

"అదీ గిటారంటే!" అన్నాడు. "విలువ తెలిసిన చెయ్యి పడాలి గానీ, దానికి సాటి లేదు."

యజమాని కళ్లు చెమర్చాయి. దాన్ని వదిలించుకోలేక ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. కుర్రాడు మాత్రం దానివైపు భయభక్తులతో చూసి, "అంత స్థాయి నాకింకా రాలేదు సార్" అని వెనక్కి తగ్గాడు.

ఇంతలో బుగ్గ వాచిన మనిషొకడు వచ్చి కూర్చున్నాడని క్లినిక్కు నుంచి నర్సు ఫోన్ చేసింది. తానే పుచ్చన్న గిటారును తానే కొంటే కుర్రాడు నవ్విపోతాడు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వచ్చి తీసుకుపోవచ్చులెమ్మని డాక్టరు బయలుదేరాడు.

మధ్యాహ్నం వచ్చేసరికి అద్దం వెనక నీలం గిటారు లేదు.

"ఆ పీడ వదిలిపోయింది సార్!" అంటూ ఎదురొచ్చాడు యజమాని. "మీరు పుచ్చన్నాక దానికి పూర్తి ధర ఎలా అడుగుతాను? సగానికే ఇస్తానంటే ఆ కుర్రాడు ఎగిరి గంతేసి పట్టుకుపోయాడు. పుచ్చు ముదిరేలోపు వాయించేసుకుంటాడట."

డాక్టరు కాఫీ తాగిన కుర్చీలోనే కూలబడ్డాడు. ఆర్నెల్ల ఆశ. ఇంకెవరో చెడగొట్టి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. చేజేతులా తనే చేసుకున్నాడు.

"అసలు విశేషం వినండి. ఆ మచ్చలది కూడా పోయింది! ఎవరో మేడమ్ నీలందాని కోసం వచ్చారు. అమ్మేశాను, మీ అదృష్టం కొద్దీ తప్పిపోయింది అని చెప్పి, మీరన్నవన్నీ పూసగుచ్చినట్టు వినిపించాను. బేరం కూడా ఆడలేదు. నేను చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు. అంత సంతోషం సార్ ఆవిడకి!"

అంత దుఃఖంలోనూ డాక్టరుకు నవ్వొచ్చింది. తనను మించిన అమాయకురాలు ఊళ్లో ఒకావిడ ఉందన్నమాట. పాపం, ఆవిడ మొగుడు ఎవడో గానీ, అనుకుంటూ సాయంత్రం ఇల్లు చేరాడు.

హాల్లో బల్ల మీద రంగు కాగితం చుట్టిన పొడవాటి పెట్టె ఒకటి ఉంది.

"మీ పుట్టినరోజు రేపే అనుకోండి, ఆగలేకపోయాను" అంది భార్య. "ఎన్నాళ్లని ఆ చీపురు వాయిస్తారు? పుల్లలన్నీ రాలిపోతున్నాయి."

డాక్టరు కాగితం చింపాడు. ముందు కొమ్ములు బయటపడ్డాయి, ఆ తర్వాత మచ్చలు.

"మీరు రోజూ కారాపి చూసే నీలందే తెద్దామని వెళ్లానండీ. అది అప్పటికే అమ్ముడుపోయింది. పోవడమే మంచిదైందట. పొద్దున ఎవరో విద్వాంసుడు వచ్చి దానికి పుచ్చని తేల్చాడట. పళ్లు చూసే అద్దం పెట్టి మరీ చూశాడట!"

డాక్టరు జేబులోని అద్దాన్ని ఇంకాస్త లోపలికి తోశాడు.

"అంతటివాడు మెచ్చిన గిటారు. బాగుందా?"

"బాగుంది... చాలా బాగుంది." ఆయన చింపిన కాగితాల కింద వెతికాడు. "మరి స్పీకరు పెట్టె?"

"ఆయన వద్దన్నాడటగా! పెట్టె తగిలిస్తే పెనం కూడా పాడుతుందట. చెవి పెట్టి వినండి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లబోతూ ఆగింది. "అన్నట్టు, డ్రిల్లు మెషీనుకి నొప్పి తగ్గిందా?"

ఆయన గబగబా కుర్చీలో కూర్చున్నాడు. గిటారును ఒళ్లోకి తీసుకుని, మచ్చల మీద చెవి ఆనించి, ఒక తీగ మీటాడు. స్పీకరు పెట్టె లేదుగా, లోపలెక్కడో దోమ రొదలాగా మోగింది. ఆయనకు మాత్రం ఒళ్లు పులకరించింది.

అప్పటినుంచి ఏ ఒక్క సాయంత్రమూ ఆ సాధన ఆగలేదు. గిటారు మీద ఎవరూ తువ్వాళ్లు ఆరేయలేదు. ఆ నోటా ఈ నోటా సంగతంతా తెలుసుకున్న ఇరుగుపొరుగు వాళ్లకు మాత్రం, పెట్టె వద్దన్న ఆ విద్వాంసుడంటే ఇప్పటికీ ఎంతో గౌరవం.