ఒక్క సెకను కదలకుండా

ఇరుకు సందులోని ఆ ఇంటికి పొద్దున తొమ్మిదిన్నరకు కిటికీలోంచి చాలీచాలని వెలుగు వస్తుంది, పావుగంట ఉండి వెళ్లిపోతుంది. ఆ పావుగంటలో భార్య ఫోటో తీయాలని లెక్కల మాస్టారి పథకం. ఫ్లాష్ వెలిగితే ఆవిడకు తల పగిలిపోతుంది. డాక్టరు చెప్పిన గడువు నెల. ఆవిడ అడిగింది ఒకటే, తమ్ముడి పక్కన కూర్చుని ఒక ఫోటో. ఆరేళ్లుగా మాటల్లేని ఆ తమ్ముడు నిన్న ఫోనెత్తి, "తీరిక లేదు బావా," అని పెట్టేశాడు.

"వాడు రాడు లెండి. నన్నొక్కదాన్నే తీయండి," అందావిడ.

మాస్టారు మంచాన్ని కిటికీ కిందికి జరిపారు. ముఖం రెండో వైపుకూ వెలుగు తగలాలని బీరువాకు తెల్ల దుప్పటి కట్టారు. పాత కెమెరాను స్టూలు మీద నిలబెట్టి, మధ్యలో మోగుతుందేమోనని ఫోను ఆపేశారు.

"షట్టరు ఒక సెకను తెరిచుంచాలి. కదిలితే చెదిరిపోతావు. నేను చెప్పేదాకా కళ్లు మూసుకో."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"కొంచెం కొంచెంగా."

ఇంతలో మబ్బు అడ్డొచ్చింది. అది పోయేదాకా ఆయన కెమెరా మీదికి తల వంచుకుని అలాగే ఉండిపోయారు.

బట్టలారేయడానికి వచ్చిన ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది. తెల్ల దుప్పటి. కదలని మనిషి. తల వంచుకున్న మాస్టారు. ఫోన్ చేస్తే ఆయన ఫోను పలకదు. ఇంకేం కావాలి? వెంటనే తన భర్తకు కబురు పెట్టేసింది. ఆయన పనిచేసేది పక్క వీధిలో, ఆ తమ్ముడి ఆఫీసులోనే.

మబ్బు విడేసరికి గుమ్మంలో ఎదురింటావిడతో సహా నలుగురు చెప్పులు విప్పుతున్నారు. ఒకాయన పూలదండతో వచ్చాడు. వాళ్లను తోసుకుంటూ తమ్ముడొచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"అక్కా! తప్పు నాదేనే! నన్ను క్షమించవే!"

ఆవిడ కళ్లు తెరవలేదు. "మళ్లీ అనరా, సరిగ్గా వినపడలేదు."

పూలదండ జారి కింద పడింది. ఎదురింటావిడ గోడకు అతుక్కుపోయింది. తమ్ముడు లేచి పరుగెత్తబోతే అక్క అతని మణికట్టు పట్టుకుంది. ఆ ఎముకల చేతికి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో!

"కూర్చో. తీరిక లేదన్నావుగా, ఒక్క సెకనే."

"కదలకండి, వెలుగు పోతోంది!" అని అరిచి మాస్టారు మీట నొక్కారు.

నెల తిరక్కుండానే ఆ ఫోటో గోడకెక్కింది. వెక్కుతున్న తమ్ముడు పొగలా చెదిరిపోయాడు. ఎదురింటావిడకు రెండు తలలు. మిగతావాళ్లు వెనక గోడ కనిపించేంత పలచన. ఆవిడ ఒక్కతే కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టంగా, నవ్వాపుకుంటూ ఉంది. ఆవిడ పట్టుకున్న చోట తమ్ముడి మణికట్టు కూడా కదల్లేదు.

కొత్తగా ఇంటికొచ్చినవాళ్లకు, అందులో పోయినదెవరో మాస్టారే చెప్పాల్సి వస్తోంది.