చూడకముందే హిట్టయిన ఏడు నిమిషాలు

మా సినిమా హాల్లో విడుదలైన తొలి లఘుచిత్రం ఘనవిజయం సాధించిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఆ చిత్రాన్ని ఎవరూ చూడనే లేదని కొందరు గిట్టనివాళ్ళు సణుగుతున్నారు. చూడని మాట నిజమే. అయితే అది విజయానికి ఏమాత్రం అడ్డు రాలేదని మనవి.

అసలు సంగతి ఇది. పెద్ద సినిమా మొదలయ్యేలోపు జనం ఊరికే కూర్చోలేక, కుర్చీ చేతి మీద ఎవరి మోచెయ్యి ఉండాలన్న విషయంపై తగువులు పడుతున్నారని హాలు మేనేజరు గారు గమనించారు. ఆ ఖాళీలో ఒక చిన్న సినిమా వేస్తే మోచేతుల సంగతి మరిచిపోతారని ఆయనకు తోచింది. మంచి ఆలోచన ఎక్కడ పుట్టినా దాన్ని అదుపులో పెట్టడానికి ఒక కమిటీ కావాలి కాబట్టి, వెంటనే 'లఘుచిత్ర సమీక్షా ప్రోత్సాహక ప్రచార సమితి' వెలసింది. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న నేను అప్పుడు దాని కార్యదర్శిని. సమీక్షలు రాయడం నా పని.

అధ్యక్ష పదవికి పళ్ళ డాక్టరుగారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఎదుటివాడు నోరు తెరుచుకుని కూడా బదులు చెప్పలేని స్థితిలో గంటల తరబడి మాట్లాడిన అనుభవం ఆ పదవికి చాలా అవసరం. అది ఆయనకున్నంతగా మరొకరికి లేదు. ప్రచారం బాధ్యత మైకు మావయ్యకు అప్పగించాం. బండికి మైకు కట్టుకుని పాత సామాన్లు కొనే ప్రకటనల నుంచి ఎన్నికల హామీల దాకా అన్నింటినీ ఒకే గొంతుతో ఊరంతా చాటిన మనిషి ఆయన. తొలి సమావేశంలో మేం చేసిన తీర్మానం చరిత్రలో నిలిచిపోతుంది. చిత్రాలు చిన్నవి కనుక వాటికిచ్చే నక్షత్రాలను కూడా చిన్న సైజులోనే ముద్రించాలని తీర్మానించాం. పెద్ద సినిమాల గౌరవం దానితో నిలబడింది.

ఇక దరఖాస్తులు. ముందుగా వచ్చింది ఫొటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసే అమ్మాయి. వాళ్ళ నాన్న మా హాల్లోనే గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. టికెట్టు చింపడం, చీకట్లో టార్చి వేసి సీటు చూపించడం ఆయన ఉద్యోగం. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు కనుక ఆయన ఏ సినిమా మొదలూ చూడలేదు. వచ్చినవాళ్ళు కుదురుకునేసరికి బయటికి వెళ్ళేవాళ్ళు లేస్తారు కనుక మధ్యలోనూ చూడలేదు. చివర్లో తలుపులు తెరవాలి కనుక ముగింపూ చూడలేదు. పాటలు మాత్రం తలుపు సందులోంచి విన్నాడు. వాటిలో కొన్ని ఆయనకు నోటికి వచ్చు, కానీ ఎవరు ఎవరి కోసం పాడుతున్నారో తెలియదు.

ఆ అమ్మాయి ఏడు నిమిషాల సినిమా తీసింది. పేరు 'కూర్చో నాన్నా'. రిటైరైన ఒక గేటు మనిషి అలవాటు మానలేక, ఇంటికొచ్చిన చుట్టాలను పట్టపగలు టార్చి వేసి సోఫా దాకా తీసుకెళ్ళి కూర్చోబెడుతుంటాడు. భోజనాల దగ్గరా అదే వరస. నాన్న వేషం వాళ్ళ బాబాయి వేశాడు. నాన్నకు మాత్రం ఒక్క ముక్క కూడా చూపించలేదట.

"సార్, నాకు బహుమతులూ అవీ వద్దండీ. మా నాన్న ఆ హాల్లో ఒక్కసారి కుర్చీలో కూర్చుని, ఒక సినిమా మొదటినుంచి చివరిదాకా చూడాలి. అంతే," అంది.

అంతే చాలు అనేవాళ్ళను అలాగే వదిలేస్తే కళ ఎదగదు. అందువల్ల సమితి రంగంలోకి దిగింది.

చిత్రాన్ని పరిశీలించడానికి డాక్టరుగారి క్లినిక్‌లో సమావేశమయ్యాం. ఒక రోగికి పన్ను పీకుతున్న సమయం కావడంతో, ఆయన ఏకాగ్రత చెదరకుండా ఫోనులో శబ్దం తీసేసి సినిమా పెట్టాం. అధ్యక్షులవారు ఒక కన్ను పన్ను మీద, ఒక కన్ను ఫోను మీద వేసి చూశారు. సగంలో ఎవరో పంటి అపాయింట్‌మెంటు కోసం ఫోన్ చేయడంతో పరిశీలన ముగిసినట్టు ప్రకటించారు. "పాత్రలందరూ నిటారుగా కూర్చున్నారు, అందరికీ రెండు చెవులూ కనిపిస్తున్నాయి. సాంకేతికంగా మచ్చ లేదు," అని తేల్చారు. కుర్చీలో ఉన్న రోగి సినిమా సాగినంతసేపూ నోరు వెళ్ళబెట్టి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. దాన్ని ప్రేక్షక స్పందన కింద నమోదు చేశాను.

పేరు దగ్గర మైకు మావయ్యకు పేచీ వచ్చింది. "కూర్చో నాన్నా అంటే ఎవరొస్తారమ్మా? ఇంట్లో కూర్చునే ఉన్నారు కదా!" అని, దాన్ని 'వెలుగు పడితే చావే' అని మార్చాడు. పోస్టరు మీద బాబాయి మొహం తీసేసి చీకటి, టార్చి, ఒక ఖాళీ కుర్చీ పెట్టించాడు. మర్నాటి నుంచి బండెక్కి వీధి వీధీ ఊదరగొట్టాడు.

"చేతిలో టార్చి! గుండెల్లో మంట! మీ పక్క సీటు ఖాళీగా ఉందా? అయితే మీ ప్రాణం మీది కాదు!"

ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి బండికి అడ్డం నిలబడింది.

"మావయ్యా, నా సినిమాలో ఎవరూ చావరు!"

"చావరని ముందే చెప్పేస్తావా ఏంటి? రానీ తల్లీ. వచ్చాక అందరూ బతికే ఉన్నారని వాళ్ళే సంతోషిస్తారు."

తరువాత టీజరు వచ్చింది, నాలుగు నిమిషాలు. దాని వెనకే ట్రైలరు వచ్చింది, తొమ్మిది నిమిషాలు. ఏడు నిమిషాల సినిమాలోంచి తొమ్మిది నిమిషాల ట్రైలరు ఎలా వచ్చిందని లెక్కల మాస్టార్లు అడిగారు. మిగతాది అధ్యక్షులవారి సందేశం. ట్రైలరు చూసినవాళ్ళు సినిమా చాలా బాగుందని, కాస్త నిడివి తగ్గిస్తే ఇంకా బాగుండేదని అన్నారు.

విడుదలకు ముందే విజయోత్సవం కూడా జరిపాం. విడుదలయ్యాక విజయోత్సవం జరపడంలో ఒక ప్రమాదం ఉంది. అప్పటికి జనం సినిమా చూసి ఉంటారు. అందుకని ముందుగానే కేకు కోసి, ఒకరి నోట్లో ఒకరం ముక్కలు పెట్టుకుని, ఇది సమష్టి కృషి అని ప్రకటించాం. ఆ అమ్మాయికి పని ఉండి రాలేకపోయింది. ఆమెను పిలవడం మరిచిపోయామన్నది కూడా ఒక కారణం. నా సమీక్ష ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్ళింది. 'ఊపిరి బిగబట్టి చూడాల్సిన చిత్రం' అని రాశాను. మూడున్నర చిన్న నక్షత్రాలు ఇచ్చాను.

విడుదల రోజు హాలు కిటకిటలాడింది. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వరసలో నడిమి కుర్చీ ఆయనది. జీవితంలో మొదటిసారి ఆ హాల్లో కూర్చున్నాడు గానీ, ఎవరు వరసలోకి వచ్చినా దిగ్గున లేచి దారి చూపబోయేవాడు. కూతురు చెయ్యి పట్టుకుని కిందికి లాగేది.

"నాన్నా, ఇవాళ నీకు డ్యూటీ లేదు. కూర్చో."

"ఆవిడ పాపం సీటు దొరక్క తడబడుతోందే!"

"తడబడనీ."

పెద్ద సినిమాకు ముందున్న ఖాళీ పావుగంట. మేనేజరుగారు దాన్ని మొత్తం మాకే ఇచ్చారు. తెర ముందున్న సన్నటి అరుగు మీద అధ్యక్షులవారు క్లినిక్ నుంచి నేరుగా తెల్లకోటుతోనే వచ్చి నిలబడ్డారు.

"మిత్రులారా! పన్ను చిన్నది, కానీ దాని నొప్పి చిన్నదా? కాదు! అలాగే ఈ చిత్రం చిన్నది. దీనికి ప్రాణం ఏమిటి? క్లుప్తత! ఆ క్లుప్తత గురించి మీకు విపులంగా కొన్ని మాటలు మనవి చేస్తాను."

చేశారు. మైకు మావయ్య కూడా చేశాడు. మేనేజరుగారు గడియారం చూసుకుంటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. సరిగ్గా అప్పుడు అధ్యక్షులవారికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఎవరి జీవితం ఆధారంగా ఈ చిత్రం తీశారో ఆ మహనీయుణ్ణి వేదిక మీదికి పిలిచి సన్మానించకుండా సినిమా వేయడం అమానుషమని ప్రకటించారు. నాన్నగారు వద్దువద్దంటున్నా ఇద్దరు ముగ్గురు రెక్కలు పట్టుకుని పైకి ఎక్కించారు. చేతికి పూలగుత్తి ఇచ్చారు. సన్మానపత్రం చదవడం మొదలైంది.

పైన గదిలో ఉన్న ఆపరేటరుకు చెప్పిన సమయానికి మీట నొక్కడమే తెలుసు. నొక్కాడు.

లైట్లు ఆరిపోయాయి. సినిమా మొదలైంది. తెర ముందు మేం వరసగా నిలబడి ఉన్నాం కనుక అది మా మీదే పడింది. బాబాయి మొహం అధ్యక్షులవారి తెల్లకోటు మీద, సరిగ్గా పొట్ట దగ్గర పడింది. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ మొహం ఉబ్బింది, వదిలినప్పుడల్లా కుంగింది. సోఫా నా నెత్తిమీద ఉందని తరువాత తెలిసింది. చుట్టాలు మైకు మావయ్య బుగ్గ మీంచి నడిచి వెళ్ళారు. జనం కళ్ళార్పకుండా తన పొట్టవైపే చూడటం గమనించి అధ్యక్షులవారు గొంతు పెంచారు.

నాన్నగారు మాత్రం తెరకు వీపు పెట్టి, పూలగుత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి నిలబడ్డాడు. అన్నేళ్ళు ఇతరుల పాదాల దగ్గర వెలుగు వేసిన మనిషి కళ్ళల్లోకి అంత వెలుగు ఎవరూ ఎప్పుడూ వేసి ఉండరు.

"నాన్నా, వెనక్కి తిరుగు! వెనక్కి!" కూతురు కింద నుంచి అరిచింది.

"ఏంటమ్మా? ఎవరికైనా సీటు దొరకలేదా?"

ఆయన వెంటనే దిగబోయాడు. అధ్యక్షులవారు భుజం పట్టి ఆపారు. సన్మానం పొందేవారు మధ్యలో దిగిపోవడం, సభకు వీపు చూపడం సంస్కారం కాదని మెల్లగా మందలించారు. సంస్కారం గల మనిషి కనుక నాన్నగారు కదలకుండా నిలబడ్డాడు. సన్మానపత్రం, సినిమా ఒకేసారి ముగిశాయి. సన్మానపత్రం ముగిసినందుకు హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పెద్ద సినిమా వేసేశారు.

"మన సినిమా ఎప్పుడేస్తారమ్మా?" అని నాన్నగారు కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల కింది పెదవి పంటితో నొక్కిపట్టి తెరవైపు చూస్తూ కూర్చుంది.

బయటికి వస్తూ అందరూ ఆమెను అభినందించారు. హంతకుడెవరో చివరిదాకా కనిపెట్టలేకపోయామని ఒకాయన చెయ్యి ఊపాడు. దృశ్యాలకు మంచి లోతు ఉందని, మనుషులు నిజంగా ఊపిరి పీలుస్తున్నట్టే ఉందని ఇంకొకావిడ మెచ్చుకుంది.

మర్నాడు ఆ అమ్మాయి సమితి ముందుకు వచ్చి, సినిమా ఇంకొక్కసారి, ఎవరూ అడ్డం నిలబడకుండా వేయమని బతిమాలింది. అధ్యక్షులవారు జాలిగా నవ్వారు.

"హిట్టయిన సినిమా మళ్ళీ వేయడం ఎందుకమ్మా? ఫ్లాపయినవాటికి కదా మన సాయం కావాలి."

"సార్, మా నాన్న చూడలేదండీ."

"ఆయన ఒక్కరేనా? నేనూ చూడలేదు. నేనేమైనా బాధపడుతున్నానా?"

మైకు మావయ్య కాస్త మెత్తబడి, రెండో భాగం తీస్తే ఈసారి నాన్నను కూడా చంపేద్దామని మాట ఇచ్చాడు. ఆ అమ్మాయి దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫొటో స్టూడియోలో ఏదో జరుగుతోందని నాకు సమాచారం అందింది. కార్యదర్శిగా వెళ్ళి చూడవలసిన బాధ్యత నాది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఫొటోలకు వెనక వేలాడదీసే తెల్లగుడ్డే తెర. పాస్‌పోర్టు ఫొటోలకు కూర్చోబెట్టే ఎత్తు కుర్చీలో నాన్నగారు నిటారుగా కూర్చున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు నేలమీద సర్దుకున్నారు. పోస్టరు లేదు, ప్రసంగం లేదు, కేకు లేదు. సినిమా వేసేశారు.

బాబాయి టార్చి వేసి అత్తగారిని పట్టపగలు సోఫా దగ్గరికి తీసుకెళ్తుంటే జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. నవ్వమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చివర్లో చుట్టాలందరూ కూర్చున్నాక, ఆ ముసలాయన గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, కూతురు పాత్ర వచ్చి ఆయన చేతిలోంచి టార్చి తీసుకుంటుంది. ఆయన పాదాల ముందు వెలుగు వేస్తుంది. ఒక్కో అడుగూ నడిపించి ఖాళీ కుర్చీలో కూర్చోబెడుతుంది. అంతే, అయిపోయింది.

 నాన్నగారు చొక్కా చేతితో మొహం తుడుచుకుని, "వాడు, మీ బాబాయి, అచ్చం నాలాగే నిలబడ్డాడు కదే," అన్నాడు. తరువాత చిన్నపిల్లాడిలా, "మళ్ళీ వెయ్యమ్మా. మొదట్నుంచి," అన్నాడు.  దాచడం ఎందుకు, ఏడ్చాను. సమితి ఆమోదించిన స్పందనల్లో అది లేదు.

జరిగినదంతా సమితికి నివేదించాను. అధ్యక్షులవారు తీవ్రంగా చలించి అత్యవసర సమావేశం పెట్టారు. స్టూడియోలో సినిమా చూసినవాళ్ళు ఊరంతా తిరుగుతూ, అందులో హంతకుడు లేడని, చావులు లేవని, అది ఒక తండ్రి కథ అని నిరాధారంగా చెబుతున్నారు. దీనివల్ల మా సమీక్షల మీద ప్రజలకున్న నమ్మకం సడలిపోతోంది. సినిమా చూసినవారికి దాని మీద ఏదో ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది కనుక, వారు నిష్పక్షపాతంగా మాట్లాడలేరని సమితి గుర్తించింది. ఇకపై చూసినవారెవరూ సమీక్షించరాదని తీర్మానించింది. నన్ను పదవిలోంచి తొలగించారు. న్యాయమే.

ఈ నిబంధన ఇప్పుడు కథలకు కూడా వర్తిస్తుందని తెలిసింది. కాబట్టి ఇక్కడిదాకా చదివిన మీరు దీని గురించి నోరు మెదపకండి, అర్హత పోగొట్టుకున్నారు. శీర్షిక చూసి పేజీ తిప్పేసినవాళ్ళ అభిప్రాయాలు ఇప్పటికే వచ్చేశాయి. కథ అద్భుతమట, హంతకుడు చివరిదాకా దొరకలేదట.