పార్సిల్ గారి సైకిలు

ఆ రోజు ఉదయం పార్సిల్ గారు పెట్టుకున్న పనులు మూడే. దేవుడికి దీపం పెట్టడం, సైకిలును అట్టపెట్టెలో సర్దడం, పదకొండు గంటలకు పార్సిల్ కంపెనీ బండి రాగానే ఆ పెట్టెను అప్పగించడం. మొదటిది సవ్యంగానే జరిగింది. "మోయగలిగినంత బరువే ఇవ్వు తండ్రీ" అని రోజూలాగే వేడుకుని, చొక్కా చేతులు పైకి మడిచి వరండాలోకి వచ్చాడు.

ముప్పై రెండేళ్లు పార్సిల్ ఆఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి ఆయన. అందుకే వీధిలో అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. సరిగా కట్టని పెట్టెలను ఎన్నిటినో నిర్దాక్షిణ్యంగా వెనక్కి పంపాడు కానీ, తన చేతులతో ఒక పెట్టె కట్టడం ఇదే మొదలు.

వేరే ఊళ్లో ఉన్న కూతురు పది రోజుల కిందట ఫోను చేసింది. "నాన్నా, ఈ సోమవారం కాక వచ్చే సోమవారం నుంచి చంటిది బడికి వెళ్తుంది. నన్ను నువ్వు తీసుకెళ్లిన సైకిలు మీదే దాన్ని తీసుకెళ్లాలని ఉంది. పంపిస్తావా?"

ఆయన సరేనన్నాడు. అన్నాక ఆ నల్ల సైకిలును రోజుకు రెండుసార్లు తుడవడం మొదలుపెట్టాడు. పోయిన నెల వీధి మలుపులో దాని మీది నుంచి పడి మోకాలు చెక్కుకుపోయిన సంగతి కూతురికి చెప్పలేదు. ఇల్లాలితో కూడా మెట్టు తగిలిందనే అన్నాడు.

టైర్లలో గాలి తీశాడు. హ్యాండిల్ పక్కకు తిప్పాడు. ముందు చక్రం ఊడదీశాడు. నట్లూ బోల్టులూ ఒక టీ డబ్బాలో వేసి, పోకుండా పెట్టె అడుగున టేపుతో అంటించాడు. కుడి పెడలు కూడా మర్యాదగా ఊడివచ్చింది. ఎడమ పెడలు దగ్గరే చిక్కొచ్చింది. లోకంలో అన్ని మరలూ ఒకవైపు తిప్పితే ఊడతాయి. సైకిలు ఎడమ పెడలు మాత్రం అటు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఎందుకలా పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. ఆ సంగతి తెలియని పార్సిల్ గారు గట్టిగా తిప్పాడు. అది గట్టిగా బిగిసింది.

ఎదురింటి టైలరు చేతిలో కత్తెరతోనే పరుగెత్తుకొచ్చాడు. "మీరు జరగండి అన్నయ్యగారూ, నాకు ఒడుపు తెలుసు" అని ఆయన కూడా అటే తిప్పాడు. కాసేపటికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. పెడలుకు మాత్రం ఏమీ కాలేదు.

"పెడలు ఊడకపోతే పెట్టెకు కన్నం పెట్టండి" అంది లోపలి నుంచి ఇల్లాలు.

టైలరు కొలత తీసుకుని, చొక్కాకు కాజా తీసినంత శ్రద్ధగా అట్టపెట్టెకు కన్నం కోశాడు. పెడలు బయటికి వచ్చింది. ఇల్లాలు దానికి ఒక పాత ఉన్ని టోపీ తొడిగింది.

"ఇప్పుడు అసలు పని" అన్నాడు పార్సిల్ గారు. "పెట్టెలో వేలెడు ఖాళీ కూడా ఉండకూడదు. ఖాళీ ఉంటే కదులుతుంది. కదిలితే విరుగుతుంది. ఇంట్లో పాత గుడ్డలేమైనా ఉంటే పట్రా."

ఆమె రెండు దుప్పట్లు తెచ్చింది. ఇంకా ఖాళీ ఉంది. అటక మీది నుంచి కూతురి చిన్నప్పటి వానకోటు దిగింది. దాని వెనకే బడి సంచి, పుస్తకాలు, పలక, చెక్క గుర్రం. సైకిలు ముందు కడ్డీకి బిగించే చిన్న చెక్క సీటు కనబడగానే ఇద్దరూ పని ఆపేశారు.

"దీని మీద కూర్చుని బడి వచ్చేదాకా బెల్లు కొడుతూనే ఉండేది" అన్నాడాయన.

"మీరు వద్దనేవారా? ఇంకొకసారి కొట్టమ్మా అనేవారు."

ఆఖరి ఖాళీలో ఆమె చేతి కుట్టుమిషను దూర్చింది. పార్సిల్ గారు పెట్టెను ఊపి చూశాడు. ఊగలేదు. తృప్తిగా టేపు చుట్టి, పైన ఎర్ర అక్షరాలతో "సైకిలు, జాగ్రత్త" అని రాశాడు.

పదకొండింటికి బండి వచ్చింది. దిగినవాడు పెట్టెను ఒకసారి, దాని పక్కనుంచి తొంగిచూస్తున్న టోపీని ఒకసారి చూశాడు. అందరూ కలిసి పెట్టెను తూకం యంత్రం మీదికి ఎక్కించారు.

"యాభై ఎనిమిది కిలోలు! నలభై దాటితే ఎక్కించుకోను పెద్దాయనా. దించుకోవాల్సింది నేనొక్కణ్నే."

ఇల్లాలు భర్త వైపు తిరిగింది. "ముప్పై రెండేళ్లు చేశారు. బరువు సంగతి తెలీదా?"

"తూకం నా సెక్షను కాదు" అన్నాడు పార్సిల్ గారు నీరసంగా.

టేపు కోశారు.

"కుట్టుమిషను తీసేద్దాం."

"అమ్మాయి గౌన్లన్నీ దాని మీదే కుట్టాను. ఇక చంటిదానికి కుట్టుకోవద్దూ?"

"పోనీ ఈ పుస్తకాలు?"

"ఒకటో తరగతివండీ! వెనక అట్ట మీద మీరు గీసిన ఏనుగుంది."

"ఏనుగును కూడా ఎక్కించారా?" అన్నాడు బండి మనిషి.

"దుప్పట్లు తీసేయండి వదినా" అన్నాడు టైలరు.

"తీస్తే సైకిలు గీసుకుపోతుంది!" పార్సిల్ గారు అడ్డం పడ్డాడు.

చెక్క గుర్రం మూడుసార్లు బయటికి వచ్చి మూడుసార్లు లోపలికి వెళ్లింది. బండి మనిషి గడియారం చూసుకున్నాడు. "అమ్మగారూ, నాకింకా నాలుగు వీధులున్నాయి. ఒక్కొక్కటీ కాదు. పద్దెనిమిది కిలోలుండే వస్తువు ఒక్కటంటే ఒక్కటి చెప్పండి, నేనే తీసేస్తా."

ఆమె పెట్టెలోకి చాలాసేపు చూసింది.

"సైకిలు" అంది.

పార్సిల్ గారు వంగి హ్యాండిల్ పట్టుకున్నాడు. సైకిలూ, విడి చక్రమూ బయటికి వచ్చాయి. ఉన్ని టోపీని కన్నంలో కుక్కారు. తూకం సరిగ్గా నలభై చూపించింది. బండి మనిషి పోతూ పోతూ ఎడమ పెడలును రెండో వైపుకు తిప్పి, ఊడదీసి ఆయన చేతిలో పెట్టాడు.

ఆదివారం ఉదయం కూతురు ఫోను. మోగింది ఇల్లాలి ఫోనే. ఆమె చేతులకు పిండి ఉందని పార్సిల్ గారే స్పీకరు నొక్కి పట్టుకున్నాడు.

"అమ్మా, పైన సైకిలని రాసుంది, లోపల నా చిన్నతనం ఉంది! నువ్వేగా, 'మీ నాన్న మళ్లీ పడతారు, ఏదో వంక పెట్టి ఆ సైకిలు తెప్పించేసుకో' అని ప్రాణం తీశావు? తీరా పంపే వేళకు నువ్వే ఆపేశావా?"

పార్సిల్ గారు ఇల్లాలి వైపు చూశాడు. "మెట్టు తగిలిందని చెప్పానుగా?"

"మెట్టుకు తారు ఉండదండీ. మీ ప్యాంటు ఉతికింది నేను."

"అయితే అడిగించిందీ నువ్వే, ఆపిందీ నువ్వే. ఎందుకాపావు?"

ఆమె చేతులు తుడుచుకుంది. "ఎనిమిది రోజుల పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి నుంచి ఆ సైకిలు వెనక కూర్చుని వచ్చాను. మీరు ఎక్కి తొక్కలేదు. కుదుపు తగులుతుందని ఇంటిదాకా నడిపించుకునే వచ్చారు. పెట్టెలో పడుకోబెట్టి ఉంటే అదంతా గుర్తొచ్చింది. నాకు చేతులాడలేదు."

కూతురు వెంటనే అందుకుంది. "ఆ చెక్క సీటు ఇక్కడి నా సైకిలుకు బిగించాం నాన్నా. చంటిది నిన్నటి నుంచి దిగనంటోంది. రేపు బడికి దాని మీదే."

"బెల్లు కొట్టనివ్వమ్మా, వద్దనకు" అన్నాడాయన. ఒక క్షణం ఆగి, "అన్నట్టు పెట్టె అడుగున టీ డబ్బా ఒకటి అంటించి ఉంటుంది. నా బోల్టులన్నీ అందులోనే ఉన్నాయి. కాస్త పంపిస్తావా?"

ఇల్లాలు ఫోను దగ్గరికి వంగి గట్టిగా దగ్గింది.

"తప్పకుండా నాన్నా" అంది కూతురు. "నువ్వు చెప్పినట్టే. వేలెడు ఖాళీ లేకుండా, కదలకుండా, బాగా ప్యాక్ చేసి పంపిస్తాను."

సైకిలు వరండాలో గోడకు ఆనుకుని ఉంది. పక్కనే దాని ముందు చక్రం ఉంది. పార్సిల్ గారు రోజూ దీపం పెట్టాక రెంటినీ తుడుస్తాడు. ఒక్కోసారి బెల్లు కూడా మోగుతుంది. అప్పుడు లోపలి నుంచి "ఇంకొకసారి" అని వినబడుతుంది. బోల్టులు బజారులో దొరుకుతాయని ఆయనకు తెలియక కాదు. ఎందుకో వెళ్లలేదు.

చంటిది ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. టీ డబ్బా ప్యాకింగు ఇంకా పూర్తి కాలేదు.