హవల్దారుకు నాలుగు శాలువాలు

గాయపడి వచ్చిన సైనికుడికి ఉద్యోగం ఇవ్వడమంటే ఆయన్ని అవమానించడమే! ఉద్యోగినైతే నిలబెట్టి సంజాయిషీ అడుగుతారు. వీరుణ్నైతే కుర్చీలో కూర్చోబెట్టి దండ వేస్తారు. ఈ రెండిట్లో ఏది గౌరవమో మీరే చెప్పండి.

నేనేదో గాలికి అంటున్న మాట కాదిది. భిలాయి సెక్టర్ 6లో వీరజవాన్ల ఉపాధి ప్రోత్సాహక సమితి అని ఒకటుంది. దానికి నేనే అధ్యక్షుణ్ని, కాంట్రాక్టర్ సత్యమూర్తిని. రెండేళ్లలో నాలుగు సభలు తలపెట్టాం. ఉపాధి సంగతి అటుంచండి, ప్రోత్సాహానికి ఏనాడూ లోటు చేయలేదు.

మా ప్రోత్సాహానికి మొట్టమొదట దొరికిన మనిషి హవల్దారు తిరుమలరావు. ఇక్కడి స్టీల్ ప్లాంటు క్వార్టర్లలోనే పుట్టి పెరిగాడు. పదహారేళ్లు సైన్యంలో పనిచేశాడు. సరిహద్దులో మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ముప్పై తొమ్మిదో ఏట కృత్రిమ కాలుతో తల్లి సింహాచలమ్మ దగ్గరికి తిరిగొచ్చి, ఏదైనా పని ఇప్పించమని మా సమితికి దరఖాస్తు పెట్టుకున్నాడు.

మేం ఊరుకుంటామా? పది రోజులు తిరక్కుండా శాలువా కప్పాం!

రెండోసారి ఏకంగా కెరీర్ గైడెన్స్ క్యాంపే పెట్టాం. హాలు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. కాలు పోయినవాళ్లను మేడ ఎక్కిస్తారా అని గిట్టనివాళ్లు సణిగారు. జీవితంలో పైకి రావాలనుకునేవాడు మెట్లకు భయపడితే ఎలా? అయినా కుర్చీతో సహా మోసుకెళ్లడానికి నలుగురు వాలంటీర్లను పెట్టాం. ఫొటోగ్రాఫర్‌ని కూడా మెట్ల మీద నిలబెట్టాం.

తిరుమలరావు కుర్చీ ఎక్కలేదు. రెయిలింగ్ పట్టుకుని నలభై రెండు మెట్లూ తనే ఎక్కాడు. పైకి చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పేపరుకు ఎక్కాల్సిన మంచి ఫొటో అలా పాడయింది!

రాయ్‌పూర్ నుంచి రప్పించిన మోటివేషనల్ స్పీకర్ గంటన్నర మాట్లాడాడు. హాల్లో ఏడవనివాడు లేడు, ఒక్క తిరుమలరావు తప్ప. ఆయన చెయ్యెత్తి, "సార్, పని గురించి ఎప్పుడు చెప్తారండీ?" అని అడిగాడు.

"ముందు మీరు పాజిటివ్‌గా ఆలోచించండి!" అన్నాడు స్పీకర్. చప్పట్లు ఆగితే ఒట్టు.

మూడోసారి జాబ్ మేళా. సెక్యూరిటీ ఏజెన్సీ అతను పన్నెండు గంటలు నిలబడాలన్నాడు. కూర్చుని చేసే పని లేదా అని తిరుమలరావు అడిగితే, "బైఠా హువా గార్డ్ అచ్ఛా నహీ లగ్తా, భయ్యా" అన్నాడు. కూర్చున్న గార్డు చూడ్డానికి బాగోడట. ఎంత సౌందర్య దృష్టి!

పక్క టేబుల్ దగ్గర ఏదో కంపెనీ హెచ్‌ఆర్ మేడమ్, పేరు నీలిమ. బయోడేటా తిరగేసి, "ట్యాంకుల రిపేరు అని రాశారు. ఓవర్‌హెడ్ ట్యాంకులా?" అంది.

"కాదండీ, యుద్ధ ట్యాంకులు. ఇంజిను, గేర్‌బాక్సు, హైడ్రాలిక్స్ అన్నీ చూసేవాణ్ని."

"అయ్యో! మా కంపెనీలో యుద్ధాలుండవే!"

ఆమె జాలికి నా గుండె కరిగిపోయింది. అప్పటికప్పుడు మరో శాలువా తెప్పించాను.

నాలుగో సభకు పిలవడానికి స్వయంగా వాళ్లింటికి వెళ్లాను. సింహాచలమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏటి బాబూ, మళ్లీ శాలువాయేనా?"

"గౌరవమమ్మా! పెన్షన్ వస్తోంది కదా, మీవాడికిక పనెందుకు?"

"మావోడికి పొద్దున్నే లెగిసి ఎక్కడికో ఓ చోటకి ఎల్లాలనుంది బాబూ. తెల్లారేసరికి గెడ్డం గీసుకుని, బట్టలు కట్టుకుని, ఈ అరుగు మీదే కూకుంతాడు. మద్దినేళ దాకా అలాగే కూకుంతాడు. శాలువా కప్పుకుని ఎక్కడికెల్తాడు సెప్పు?"

శుభలేఖలా అచ్చు వేయించిన ఆహ్వానం అరుగు మీద పెట్టి వచ్చేశాను.

సభ రోజు బ్యానర్ కట్టాం, దండ తెచ్చాం, వీరుడే రాలేదు! ఎక్కడున్నాడని కబురు చేస్తే కుమ్హారి రోడ్డులో, అహల్య షెడ్డులో ఉన్నాడన్నారు. మట్టి ఎత్తిపోసే లోడర్లు, డంపర్లు బాగుచేసే షెడ్డది, అహల్య అనే అమ్మాయి సొంతంగా నడుపుతోంది. దండ వాడిపోతుందేమోనని శాలువా, ఫొటోగ్రాఫర్ సహా మేమే అక్కడికి బయల్దేరాం.

తిరుమలరావు ఎత్తు స్టూలు మీద కూర్చుని, విప్పిన సిలిండర్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు. మోచేతుల దాకా గ్రీజు. మమ్మల్ని చూసి నవ్వాడు. ఆయన వచ్చిన మా మూడు సభల్లోనూ ఆయన పళ్లు ఎవరూ చూసి ఉండరు.

"ఈయన్ని ఎలా పట్టుకున్నావమ్మా?" అని అహల్యను అడిగాను.

"నేనేటి పట్టుకుంతాను, అంకుల్? స్కూటర్ మీద ఎల్తా ఎల్తా ఆగారు. మా లోడర్ బకెట్ పైకి లెగట్లేదు. 'సీల్ పోయుంటాది, చూడనా?' అన్నారు. చూడండన్నాను. సాయంత్రానికి లెగిసిపోయింది. రేపట్నించి డ్యూటీకి వచ్చీమన్నాను."

"అంతేనా? కాలు సంగతి అడగలేదా?"

"అడక్కేం? స్టూలు ఎంత ఎత్తుండాలని అడిగాను."

ఒక్క ప్రసంగం లేదు, ఒక్క దండ లేదు! వీరుణ్ని ఇంత నిర్లక్ష్యంగా చూస్తారా? నేను శాలువా విప్పబోతే తిరుమలరావు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "వద్దండీ, గ్రీజు అంటుకుంటుంది. లంచ్ ఒంటిగంటకి. అప్పటిదాకా కూర్చుంటారా?"

కూర్చున్నాం. అప్పుడడిగింది అహల్య. "అంకుల్, మీ కాంట్రాక్టు పనిలో రెండు లోడర్లు ఆర్నెల్లుగా పడున్నాయంట కదా? మెకానిక్ దొరకట్లేదా?"

నిజమే. ఉతై దాకా మనుషుల్ని పంపి వెతికించాను. పేపర్లో ప్రకటన కూడా ఇచ్చాను.

వేదిక మీద ఎన్నిసార్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నానో! ఆ కాలు ఏ తేదీన, ఏ కొండ దగ్గర పోయిందో కాగితం చూడకుండా మైకులో చెప్పగలను. ఆ చేతులకు ఏం పని వచ్చో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మా లోడర్లు ఇప్పుడు అహల్య షెడ్డు బయట వరసలో ఉన్నాయి. త్వరగా చూడమని తిరుమలరావును బతిమాలాను. ముందు నాలుగు బళ్లున్నాయట. మంగళవారం రమ్మన్నాడు.