మేస్త్రిగారి మోకాళ్ళకి అదనపు చోటు

సోఫా మేస్త్రిగారు ఆ ఉదయం పెట్టుకున్న పనులు రెండే. పెట్టె సర్దుకోవడం, ఆ తర్వాత కాస్త కునుకు తీయడం. రాత్రి విమానం ఎక్కితే తెల్లారేసరికి సముద్రం అవతల దిగుతారు. అక్కడొక పెద్దమనిషి కొత్త సినిమాహాలు కడుతున్నాడు. హాలు నిండా కుర్చీలు చేసే పని దొరికితే దుకాణం నిలబడుతుంది. దొరక్కపోతే షట్టరు దించెయ్యడమే. ఈ సంగతి మేస్త్రిగారికీ, ఆయన భార్యకీ, దుకాణంలో కవర్లు కుట్టే బావమరిదికీ తెలుసు. తెలిసి కూడా ముగ్గురూ ఏమీ తెలియనట్టే తిరుగుతున్నారు.

"ఏమండీ, విమానంలో కాళ్ళు చాపుకునే సీటుకి ఆ అదనపు డబ్బు కట్టేద్దాం," అంది భార్య, కాఫీ గ్లాసు చేతికిస్తూ. "రాత్రంతా ముడుచుకు కూర్చుంటే మీ మోకాళ్ళు పట్టేస్తాయి. కిందటిసారి బస్సులోంచి మిమ్మల్ని ఇద్దరు పట్టుకుని దించారు. రేపు ఆయన ముందుకి అలా కుంటుకుంటూ వెళ్తే ఏమనుకుంటాడు? కుర్చీలు చేసేవాడికే కూర్చోవడం చేతకాదనుకోడూ?"

మేస్త్రిగారు ఆరడుగుల పైచిలుకు మనిషి. అందులో ముప్పాతిక భాగం కాళ్ళే. అయినా ఖర్చు మాట వినబడితే చాలు, ఆయనకి ఎక్కడలేని పౌరుషం పొడుచుకొస్తుంది.

"ఇన్నేళ్ళుగా ఊరందరినీ కూర్చోబెడుతున్నాను, నాకా కూర్చోవడం నేర్పేది? చెక్క లేదు, స్పాంజి లేదు, గుడ్డ లేదు. ఉత్త ఖాళీకి డబ్బా?"

"ఆ ఖాళీ లేకేగా బస్సులో కేకలు పెట్టారు!"

ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. మేస్త్రిగారు టేపు తీసుకుని దుకాణానికి బయలుదేరారు. మామూలు సీట్ల మధ్య ముప్ఫై అంగుళాలుంటాయని విమానం వాళ్ళే రాశారు. సోఫాలవాళ్ళ లెక్కలో దూరమంటే మెత్త అంచు నుంచి ఎదుటి వస్తువు దాకా. నేలకి స్క్రూలతో బిగించిన, మీట లాగితే వెనక్కి వాలే పెద్ద రిక్లైనర్ వెనక ఒక కుర్చీ వేసి, మెత్త అంచు నుంచి ముప్ఫై కొలిచి, కూర్చున్నారు. కాళ్ళు చాపారు. కాలు మీద కాలు వేశారు. వేలెడంత చోటు ఇంకా మిగిలింది.

"చూశావా! దర్బారులా ఉంది," అన్నారు, వెనకే వచ్చిన భార్యతో.

ఆవిడ కౌంటరు దగ్గరికి వెళ్ళి విమానం వాళ్ళకి ఫోన్ చేసి వచ్చింది. "ముందు కుర్చీ వీపు నుంచి వెనక కుర్చీ వీపు దాకానట ఆ ముప్ఫై. మెత్తా, మీ తొడలూ, మోకాళ్ళూ అన్నీ అందులోనే సర్దుకోవాలట."

బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. కానీ పక్కన బావమరిది నిలబడి చూస్తున్నాడు.

"అయితే ఏమైంది? అదీ సరిపోతుంది," అని మేస్త్రిగారు కుర్చీని ముందుకి జరిపి, కదలకుండా దానికీ స్క్రూలు బిగించి, పక్కవాటుగా అందులోకి దిగారు. మోకాళ్ళు ఎదుటి కుర్చీకి అతుక్కుపోయాయి. "హాయిగా ఉంది," అన్నారు. ఆ గొంతులో హాయి మాత్రం లేదు.

"మరి ముందువాడు వెనక్కి వాలితేనో, బావా?" అంటూ బావమరిది రిక్లైనర్‌లో కూర్చుని మీట లాగాడు. కుర్చీ వాలింది. మేస్త్రిగారి కేక వీధి చివరిదాకా వెళ్ళింది. బావమరిది హడలిపోయి లేచాడు, మీట చేతిలో పట్టుకుని.

"బావా, ఇది ఊడొచ్చింది."

"పెట్టరా మళ్ళీ!"

"ఎక్కడ?"

కుర్చీ వాలింది వాలినట్టే ఉండిపోయి, మోకాళ్ళు ఇరుక్కుపోయాయి. ఇద్దరూ చంకలు పట్టి లాగారు. మేస్త్రిగారి చొక్కా ఒక్కటే బయటికొచ్చింది. కేకలు విని పక్కింటి పళ్ళ డాక్టరు టార్చితో పరుగెత్తుకొచ్చి, అలవాటు కొద్దీ "నోరు తెరవండి" అన్నాడు. అప్పటికే అది తెరిచే ఉంది. "పళ్ళు భేషుగ్గా ఉన్నాయి. మోకాళ్ళ సంగతి నాకు తెలీదు. ఫైరు వాళ్ళని పిలవండి," అని సలహా ఇచ్చాడు.

భార్య పిలిచింది. బయలుదేరుతున్నామనీ, ఈలోపు వీడియో కాల్ చేసి పరిస్థితి చూస్తామనీ వాళ్ళు చెప్పారు. అంతలో మేస్త్రిగారి ఫోన్ మోగింది. తెలియని నంబరు, వీడియో కాల్. బావమరిది ఎత్తి ఫోన్‌ని నేరుగా బావ వైపు తిప్పాడు.

"త్వరగా రండి సార్! మా కుర్చీలో కూర్చున్న మనిషి లేవలేకపోతున్నాడు. ఇద్దరం లాగినా రావట్లేదు. మా కుర్చీ ఒక్కసారి పట్టుకుందంటే ఇంక వదలదు సార్!"

తెర మీద ఉన్నది ఫైరు టోపీ కాదు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. కారు ఎన్నింటికి పంపాలో కనుక్కుందామని సినిమాహాలు పెద్దమనిషి కొత్త నంబరు నుంచి చేశాడు. మేస్త్రిగారు ఆ మొహం చూసి కళ్ళు మూసుకున్నారు.

"అయిపోయిందే. దుకాణం పోయింది," అన్నారు మెల్లగా. మోకాళ్ళ నొప్పికి రాని నీళ్ళు అప్పుడొచ్చాయి.

"పోతే పోనివ్వండి. ముందు మీరు బయటికి రండి," అంది భార్య, ఆయన భుజం మీద చెయ్యి వేసి. ఆ ఉదయం నుంచీ ఆవిడ అన్న మెత్తని మాట అదొక్కటే.

"నిజంగానే లేవలేకపోతున్నాడా?" అడిగాడు పెద్దమనిషి.

"ఒట్టు సార్. గంట నుంచీ," అన్నాడు బావమరిది.

పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా పాత హాల్లో జనం ఇంటర్వెల్‌కే లేచి ఇళ్ళకి పోతున్నారయ్యా. ఎలాంటి సినిమా వేసినా అంతే. ఇలాంటి కుర్చీ కోసమే వెతుకుతున్నాను. హాలు మొత్తానికీ ఇవే కావాలి. అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తున్నా. నువ్వు రానక్కర్లేదు మేస్త్రీ. ఎలాగూ రాలేవుగా!"

ఫైరు వాళ్ళు వచ్చి అడిగింది ఒక్కటే: స్క్రూడ్రైవర్. దుకాణంలో ఏ మూల చూసినా స్క్రూడ్రైవర్లే. ఆ గంటలో అది ఎవరికీ తట్టలేదు.

సాయంత్రానికి మేస్త్రిగారు ముగ్గురు కూర్చునే సోఫాలో నిండుగా కాళ్ళు చాపుకుని, నా మాటే నెగ్గింది అన్నట్టు భార్య వైపు చూశారు. "చూశావా! ఆ సీటు కొని ఉంటే డబ్బు దండగయ్యేది."

"కొన్నాను," అంది ఆవిడ. "పొద్దున ఫోన్ చేశానే, అప్పుడే. మీరు ఒకసారి ఇరుక్కున్నాక చెబుదామని ఆగాను. డబ్బు వాపసివ్వరట."

ఆ రాత్రి విమానంలో కాళ్ళు చాపుకునే చోటు ఒక్కటే వెళ్ళింది. కాళ్ళు ఇంట్లోనే ఉండిపోయాయి.